ఎం.బి.ఏ. చదువు – సరిహద్దు పిల్లలు

ప్రతి సంవత్సరము వేసవి సెలవులలో మా పాఠశాల కార్యాలయమునకు పూర్వ విద్యార్థులు కొందరు వచ్చుచుందురు. పత్రముల నకళ్ళు కావలెనని కొందరు, ఊరక చూచి పోవలెనని కొందరు. ఈ నాలుగైదేండ్లనుండి వారిలో డిగ్రీ ముగించినవారు తఱచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. "సార్, ఎం.బి.ఏ. చదవొచ్చా? మన తెలుగు మీడియం వాళ్ళకు అది కుదురుతుందా?" ఈ ప్రశ్నలోని రెండవ భాగమే మమ్ము కలవరపెట్టినది. మా బడిలో చదివినందువలన ఒక తలుపు మూసికొని పోయినదని ఆ పిల్లవాడు నమ్ముచున్నాడన్నమాట.

మొదటనే ఒక మాట చెప్పుట ధర్మము. మేము నగరిలో ఇంటర్మీడియెట్ ముగించి, ఉపాధ్యాయ శిక్షణ పొంది, బడిపని పట్టినవారము. ఎం.బి.ఏ. తరగతి గుమ్మము తొక్కినవారము కాము. ఐనను ప్రవేశ ప్రకటనలను, పాత ప్రశ్నపత్రములను తెప్పించి చదివి, ఆ చదువు చదువుచున్న మా పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని తెలిసికొన్నంతవరకు ఇచట వ్రాయుచున్నాము.

మా బడిలో ఒకే బల్లమీద కూర్చుండి చదివిన ఇద్దరు బాలురు ఇందుకు కారణము. ఇద్దరును పొదటూరుపేట వైపు నేతపనివారి బిడ్డలు. ఇద్దరును బి.కామ్. ముగించిరి. మొదటివాని తండ్రియొద్దకు ఒక దళారి వచ్చి, "పరీక్ష లేదు, గిరీక్ష లేదు, సీటు మేము చూసుకుంటాము" అనెను. తల్లి నగలు కుదువకు పోయినవి. లక్షన్నర రూపాయలు చెల్లించి దూరమున ఒక కళాశాలలో చేర్చిరి. అచట బోధించువారు కరవు, పుస్తకాలయమునకు తాళము. ఆరు నెలలకు బాలుడు ఇల్లు చేరెను. మిగిలిన రుసుమంతయు కట్టినగాని మూల పత్రములను తిరిగి ఇయ్యమని కళాశాలవారు పట్టుబట్టిరి. అట్లు మూల పత్రములను అట్టిపెట్టుకొనరాదని అఖిల భారత సాంకేతిక విద్యామండలి నియమము కలదు. ఆ సంగతి ఆ తండ్రికి తెలియదు. నిజము చెప్పవలెనన్న నాడు మాకును తెలియదు. తెలిసిన పిమ్మట అర్జీ వ్రాయించితిమి. నాలుగు నెలలకు పత్రములు వచ్చినవి. రూకలు రాలేదు.

రెండవవాని సంగతి ముందు చెప్పెదము. అంతకు పూర్వము ఈ చదువు ఎచటిదో కొంచెము చూతము.

ఈ పట్టము పుట్టిన చోటు అమెరికా. హార్వర్డు విశ్వవిద్యాలయము 1908లో వ్యాపార విద్యాలయమును తెరచి ఈ పట్టమునకు పాఠములు ప్రారంభించెను. వాణిజ్యవిద్య మాత్రము మన ప్రాంతమునకు అంత క్రొత్త కాదు. పచ్చయప్ప ధర్మకర్తలు 1886లోనే చెన్నపట్టణమున వాణిజ్య పాఠశాలను నెలకొల్పిరి. స్వాతంత్ర్యానంతరము 1953లో కలకత్తాలో ఒక నిర్వహణ విద్యాసంస్థ వెలసెను. 1957లో వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఎం.బి.ఏ. తరగతులను ప్రారంభించెను. దేశమున ఈ తరగతులు తెరచిన తొలి విశ్వవిద్యాలయములలో అది యొకటి. 1961లో కలకత్తా, అహమ్మదాబాదు నగరములలో ఐ.ఐ.ఎం. అని పిలువబడు సంస్థలు ఏర్పడినవి. వాల్తేరు పేరు వచ్చినపుడు తిరుత్తణివారము ఒక క్షణము ఆగుట సహజము. 1888లో మన ఊరనే జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు 1931 నుండి 1936 వరకు ఆ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి.

ఎం.బి.ఏ.లో చేరుటకు బి.కామ్. చదివియుండవలెనను నియమము లేదు. మూడేండ్లకు తక్కువగాని ఏ డిగ్రీయైనను చాలును. సాధారణముగా నూటికి 50 మార్కులు, రిజర్వేషను గల వర్గములకు 45 మార్కులు ఉండవలెను. చరిత్ర చదివినవారును, రసాయనశాస్త్రము చదివినవారును, ఇంజనీర్లును ఒకే తరగతిలో కూర్చుందురు. కాలము రెండేండ్లు. విశ్వవిద్యాలయములును వాటికి చేరిన కళాశాలలును ఇచ్చునది ఎం.బి.ఏ. పట్టము. స్వతంత్ర సంస్థలు కొన్ని పి.జి.డి.ఎం. అను డిప్లొమా నిచ్చును.  ఐ.ఐ.ఎం.లు సైతము చిరకాలము డిప్లొమానే ఇచ్చి, 2017 నాటి చట్టము వచ్చిన తరువాతనే పట్టము నిచ్చు అధికారము పొందినవి. తల్లిదండ్రులు చూడవలసినది పేరు కాదు. ఆ కళాశాలకు సాంకేతిక విద్యామండలి అనుమతి ఆ యేటికి కలదా, లేదా? విశ్వవిద్యాలయమునకు అది చేరియున్నదా, లేదా? ఈ రెండింటిని విచారించినచో మొదటి బాలుని కష్టము సగము తప్పియుండును.

మన జిల్లా పిల్లలకు దగ్గరి తలుపు టాన్సెట్. దీనిని అన్నా విశ్వవిద్యాలయము జరుపును. ప్రశ్నలు నూరు, కాలము రెండు గంటలు, భాష ఆంగ్లము. ఒప్పునకు ఒక మార్కు, తప్పునకు మూడవ వంతు కోత. అనగా మూడు తప్పులు ఒక ఒప్పును మ్రింగును. ఒక వ్యాపారి చిక్కును ఒకటి రెండు పుటలలో వర్ణించి, అందు ముఖ్యకారణమేదో, అప్రధానమైనదేదో విడదీయుమందురు. అది యొక భాగము. చదివి అర్థము చేసికొనుట ఒకటి, లెక్కలొకటి, ఇచ్చిన వివరములు జవాబునకు చాలునా చాలవా అని తేల్చుట ఒకటి, ఆంగ్ల వ్యాకరణము ఒకటి. ఈ పరీక్షలో వచ్చిన మార్కులనుబట్టి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాలవారు రాష్ట్రమంతటికి స్థానములు పంచుదురు. ఎవరి చేతిలోను నోటు పెట్టనక్కరలేదు.

మన రెండవ బాలుడు ఈ పరీక్షను రెండు మారులు వ్రాసెను. మొదటిమారు నూరు ప్రశ్నలకు నూరు జవాబులు పెట్టి వచ్చి, "అన్నీ రాసేశాను సార్" అని సంతోషముతో చెప్పెను. ఫలితము చూచినపుడు ఆ సంతోషము నిలువలేదు. ప్రశ్నపత్రమును అతనితో కూడ మరల చేయించి చూచితిమి. మా ఆశ్చర్యమునకు మేర లేదు. ఆ లెక్కలలో పెక్కు మేము ఎనిమిదవ తరగతి లోపల చెప్పినవే! శాతములు, నిష్పత్తులు, కాలము-పని, చక్రవడ్డీ. తెలుగున చదివి వినిపించిన వెంటనే బాలుడు నోటితో జవాబు చెప్పెను. అదే లెక్కను ఆంగ్లమున చూచినపుడు మూడు నిమిషములు తడబడెను. అతనిని ఆపినవి పెద్దమాటలు కావు. 'అట్ లీస్ట్' అనగా కనీసము, 'నాట్ మోర్ దాన్' అనగా మించకుండ, 'రెస్పెక్టివ్‌లీ' అనగా వరుసగా. ఇట్టి చిన్నమాటలు నలుబది ఏబది మాత్రమే. అవి తెలియక, తెలిసిన లెక్క తప్పిపోయినది.

దీనివలన మాకు తెలిసినదేమనగా, అతనిని వెనుకకు లాగినది తెలుగులో చదువుట కాదు. తెలుగులో నేర్చిన లెక్క అతనికి గట్టిగా నిలిచియున్నది. ఆ లెక్క ఆంగ్లమున ఏ వేషమున వచ్చునో మేము చూపలేదు. లోపము మాది. ఆరవ తరగతినుండి వారమునకు రెండు లెక్కలను రెండు భాషలలోను బల్లపై వ్రాసియుంటిమేని సరిపోయెడిది. మరుసటి యేడు బాలుడు ఆ మాటల పట్టికను కంఠస్థము చేసి, దినమున కొక ఆంగ్ల వార్తాపత్రిక సంపాదకీయమును గడియారము పెట్టుకొని చదివి, పరీక్షలో తెలిసిన డెబ్బదిరెండు ప్రశ్నలకే జవాబులు పెట్టి తక్కినవి విడిచిపెట్టెను. చెన్నపట్టణమున మంచి కళాశాలలో స్థానము లభించెను.

రెండవ తలుపు క్యాట్. ఐ.ఐ.ఎం.లలో చేరుటకు ఇదియే మార్గము. ఏటేట నవంబరు నెలలో, కంప్యూటరు ఎదుట, రెండు గంటలపాటు జరుగును. మూడు భాగములు, భాగమున కొక్కటికి నలుబది నిమిషములు. ఒక భాగమున కాలము మిగిలినను మఱొక భాగమునకు వాడుకొనరాదు. పరీక్ష కఠినమనుటలో సందేహము లేదు. తల్లిదండ్రులకు తెలియని మఱొక సంగతి యిందు కలదు. ఐ.ఐ.ఎం.లలో పెక్కింట ప్రవేశమునకు క్యాట్ మార్కులే చాలవు. పదవ తరగతి, పన్నెండవ తరగతి, డిగ్రీ మార్కులకును లెక్క కట్టుదురు. పదునైదేండ్ల ప్రాయమున అశ్రద్ధచే పోగొట్టుకొన్న మార్కులు ఇరువదిరెండేండ్ల ప్రాయమున ఎదురువచ్చి నిలుచును. ఇంకొకటి: ఇతర వెనుకబడిన తరగతుల రిజర్వేషను కోరువారికి మన రాష్ట్రపు వర్గపత్రము పనికిరాదు. కులము కేంద్ర జాబితాలో నుండవలెను, పత్రము కేంద్రప్రభుత్వ నమూనాలో నుండవలెను. తాలూకా కార్యాలయమున ఆ పత్రము చేతికి వచ్చుటకు పట్టు దినములను లెక్కించుకొని ముందే అర్జీ పెట్టవలెను.

మూడవ తలుపు ఐసెట్. ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల పరీక్ష. దీనిని తలచినపుడు మా మనస్సునకు కొంత బాధ కలుగును. ఇందు రెండువందల ప్రశ్నలు, రెండున్నర గంటల కాలము. తప్పునకు కోత లేదు. విశ్లేషణ, గణిత భాగముల ప్రశ్నలు ఆంగ్లముతోపాటు తెలుగునను ఉండును! తెలుగున చదివిన బిడ్డకు ఇంతకన్న అనువైన పరీక్ష ఏది? మా బాలబాలికలు చూచి, "ఇదే రాస్తాము సార్" అందురు. వ్రాయవచ్చును కూడ. చిక్కు తరువాతనే వచ్చును.

1960 ఏప్రిల్ 1వ తేది వరకు తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిది. సరిహద్దు మార్పు చట్టము ప్రకారము ఆ దినమున మద్రాసు రాష్ట్రమున చేరెను. అదే దినమున తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలలోని గ్రామములు కొన్ని ఆంధ్రమునకు పోయి సత్యవేడు తాలూకా అయినవి. నాటి పెద్దల వాదములు ఇపుడు త్రవ్వనేల? కాని దాని ఫలము నేటికిని మన పిల్లల అర్జీలమీద నున్నది. నగరి మనకు బస్సులో గంట లోపలి ఊరు. తిరుపతి రైలులో ఇంచుమించు చెన్నపట్టణమంత దూరము. ఐనను రాజ్యాంగపు 371-డి అధికరణము ననుసరించి వెలువడిన 1974 నాటి ఉత్తర్వులో, ఆంధ్రప్రదేశములోని స్థానములలో నూటికి 85 స్థానికులకే అని నిర్ణయించిరి. స్థానికుడనగా అర్హతా పరీక్షకు ముందు వరుసగా నాలుగేండ్లు ఆ ప్రాంతమున చదివినవాడు. మన బాలుడు తిరుపతిలో మూడేండ్ల డిగ్రీ చదివినను ఒక ఏడు తక్కువ పడును. మిగిలిన పదునైదు భాగములకును తల్లిదండ్రుల నివాసము, ఉద్యోగము మున్నగు నిబంధనలు గలవు. మాతృభాష తెలుగు అను మాట ఆ నిబంధనలలో లేదు. ఇచటి వర్గపత్రముతో అచట రిజర్వేషనును లభింపదు. ఈ నియమములలో మార్పులు వచ్చుచుండును గనుక ఐసెట్ వ్రాయదలచినవారు ఆ యేటి ప్రకటనలో స్థానికతను గూర్చిన భాగమును మొదట చదివి, పిమ్మట రుసుము కట్టవలెను. ఒక ఆడపిల్ల మంచి ర్యాంకు తెచ్చుకొని, పత్రముల పరిశీలన నాడు ఈ సంగతి తెలిసికొని ఏడ్చుచు తిరిగివచ్చుట మేము చూచినాము. ఆ యేడు ఆమె టాన్సెట్ వ్రాయలేదు.

చమత్కారమేమనగా, నాడు మన తాలూకాలనుండి ఆంధ్రమునకు పోయిన ఆ సత్యవేడు ప్రాంతముననే నేడు శ్రీసిటీ అను పారిశ్రామికవాడ వెలసినది. 1970లో చెన్నపట్టణమున పుట్టిన ఐ.ఎఫ్.ఎం.ఆర్. వ్యాపార విద్యాలయము ఇపుడు అచట క్రియా విశ్వవిద్యాలయములో నున్నది. అది ప్రైవేటు సంస్థ. దానికి ఐసెట్‌తో పనిలేదు. క్యాట్ మొదలగు పరీక్షల మార్కులు చూచి చేర్చుకొందురు. ఆ వాడలోని కర్మాగారములలో తెలుగును, తమిళమును, పనికి వచ్చు ఆంగ్లమును తెలిసినవానికి గల విలువ మన పిల్లలు ఎరుగరు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము వచ్చిన పిమ్మట మన పిల్లలకు తమిళము తప్పనిసరి పాఠమైనది. అది బరువని గొణుగుకొనువారు ఈ యొక్క లాభమునైనను లెక్కలో వేసికొందురు గాక.

ఇక లోపల ఏమి నేర్పుదురు? మొదటి యేడు జమాఖర్చుల శాస్త్రము, అర్థశాస్త్రము, గణాంకశాస్త్రము, మనుష్యులతో పని చేయించు విధానము, అమ్మకము, ఉత్పత్తి, ధనవ్యవహారము అందరికిని ఉండును. తరువాత రెండు నెలలకు కొంచెము తక్కువగా ఒక సంస్థలో పనిచేసి నివేదిక వ్రాయవలెను. రెండవ యేడు ఎవరికి నచ్చిన శాఖను వారు ఎన్నుకొందురు. పేర్లు విని బెదరవలసిన పని లేదు. ఒక ఉదాహరణము చెప్పెదము.

ఆడికృత్తికకు మన కొండక్రింద పూలదండలు అమ్మువారిని చూడుడు. ఒక దండను 20 రూపాయలకు కొని 50 రూపాయలకు అమ్మునని అనుకొందము. మిగిలిన దండ మరునాటికి వాడిపోవును, కాసుకు కొఱగాదు. ఎన్ని దండలు తెచ్చిన లాభము? తక్కువ తెచ్చి, కొనవచ్చినవాడు తిరిగిపోయినచో దండకు 30 రూపాయల లాభము పోవును. ఎక్కువ తెచ్చి మిగిలినచో దండకు 20 రూపాయలు పోవును. కావున ఇంకొక్క దండ తెచ్చిన అది అమ్ముడగు అవకాశము నూటికి 40 పాళ్ళకు మించియున్నంత వరకు తెచ్చుచునే యుండవలెను. 40కి దిగినచోట ఆగవలెను. నూటికి 40 అవకాశముతో 30 రూపాయలన్నను, 60 అవకాశముతో 20 రూపాయలన్నను రెండును 12 రూపాయలే గదా! కొండక్రింది పూలమ్ముకొను ముసలమ్మ ఈ లెక్క వ్రాయకయే వేయుచున్నది. గత యేళ్ళ జ్ఞాపకముతో, మబ్బును చూచి, రైలు దిగు కావళ్ళను చూచి. కళాశాలలో ఆ జ్ఞాపకమును అంకెలుగా వ్రాయుట నేర్పుదురు. విమానములో ఎన్ని టిక్కెట్లు అమ్మవలెను, మందులదుకాణమున ఏ మందు ఎంత ఉంచవలెను అనునవి ఈ లెక్కకు చుట్టములే.

మన రెండవ బాలుడు మొదటి సెలవులకు వచ్చినపుడు తన తండ్రి మగ్గపు లెక్క వేసెనట. తండ్రి నూలు ఖరీదు, రంగు ఖరీదు, తన కూలి వేసికొని లుంగీకి ఇంత మిగులునని చెప్పెడివాడు. కొడుకు అందులో మూడు పద్దులు లేవని చూపెను. కండెలు చుట్టిన తల్లి కూలి, ఏటేట అరిగిపోవు మరమగ్గపు విలువ, సరకు అమ్మి రొక్కము చేతికి వచ్చులోపల నిలిచిన పెట్టుబడికి వడ్డీ. ఈ మూడును కలిపిన తరువాత ఒక రకపు లుంగీలో లాభమే లేదని తేలినది. తండ్రికి మొదట కోపము వచ్చెను. పిమ్మట ఆ రకమును నేయుట మానెను. ఈ సంగతిని ఆ తండ్రియే మాకు చెప్పి, "మా ఆవిడ పనికి కూలి కట్టాలని వాడు చెప్పే దాకా నాకు తోచలేదయ్యా" అనెను.

ఖర్చును గూర్చి దాపరికము లేక వ్రాయవలెను. ప్రభుత్వ కళాశాలలకును ప్రైవేటు కళాశాలలకును రుసుములలో ఆకాశమునకును భూమికిని గల వ్యత్యాసమున్నది. బ్యాంకుల విద్యాఋణ పథకమున 4 లక్షల రూపాయలవరకు కుటుంబము తన వంతు సొమ్ము చూపనక్కరలేదు. ఏడున్నర లక్షలవరకు ఆస్తి తనఖా అక్కరలేదు. చదువు ముగిసి ఒక యేడు గడచువరకు వాయిదాలు కట్టనక్కరలేదు. ఐతే వాయిదా లేదన్న మాటకు వడ్డీ లేదని అర్థము కాదు. ఇచటనే మనవారు మోసపోవుదురు. మొదటి యేడు 2 లక్షలు, రెండవ యేడు 2 లక్షలు తీసికొని, వడ్డీ నూటికి 10 రూపాయలని అనుకొందము. మొదటి సొమ్ముపై మూడేండ్లకు 60,000, రెండవ సొమ్ముపై రెండేండ్లకు 40,000. వాయిదా మొదలగు నాటికి బాకీ 5 లక్షలు. చేరకమునుపే ఈ లెక్క కాగితముపై వ్రాసి, ఆ కళాశాలలో నిరుడు చదువు ముగించినవారికి నెలకు ఎంత జీతము వచ్చుచున్నదో ఆ విద్యార్థులనే అడిగి, రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. కళాశాలవారు అచ్చువేసిన రంగుల పుస్తకములోని అంకె తరగతిలోని మొదటివానిది కావచ్చును, మధ్యనున్నవానిది కాకపోవచ్చును.

డిగ్రీ ముగించిన వెంటనే చేరవలెనా, రెండేండ్లు ఉద్యోగము చేసి చేరవలెనా అని కొందరు అడుగుదురు. ఇంటి స్థితి సన్నగా నున్నవారు ఉద్యోగము చేసి చేరుటయే మేలని మా అభిప్రాయము. కొంత సొమ్ము చేతిలోనుండును, సంస్థలో పని ఎట్లు నడచునో కన్నులతో చూచియుందురు. అంబత్తూరు, గుమ్మిడిపూండి మనకు దూరములు కావు.

బాలికల తల్లిదండ్రులకు ఒక మాట. తిరుత్తణినుండి తిరువళ్ళూరు మీదుగా చెన్నపట్టణమునకు లోకల్ రైళ్ళు గలవు. హాస్టలు ఖర్చు భరింపలేక మానిపించువారు ముందు రైలు వేళలు చూడవలెను. రెండు గంటల ప్రయాణము కష్టమే. కాని ఆ ప్రయాణములో చదివి గట్టెక్కిన ఇద్దరు బాలికలను మేము ఎరుగుదుము.

పైని చెప్పిన ఆంగ్లపు చిన్నమాటల పట్టికను ఈ సంవత్సరము అచ్చువేయించి ఆరవ తరగతినుండి పంచుచున్నాము. టాన్సెట్, ఐసెట్ పాత ప్రశ్నపత్రములు మా కార్యాలయపు బీరువాలో నున్నవి. పూర్వ విద్యార్థులు బడి విడిచిన పిమ్మట సాయంకాలము ఐదు గంటలవరకు వచ్చి చూచుకొనవచ్చును, ఇంటికి కొనిపోరాదు. మొదటి బాలుడు ఇపుడు మరల పరీక్షకు చదువుచున్నాడు. శనివారములందు వచ్చి బీరువా ప్రక్కనున్న బల్లపై కూర్చుండును.